త్రీనాట్ త్రీ చెక్క

కంచన్‌బాగ్‌లో ఉంటూ కర్ర తుపాకీ గురించి రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. 1963లో మొదలైన డీఎంఆర్‌ఎల్, 1970లో బీడీఎల్, 1973లో మిధాని... మా పేట అంటేనే లోహాలు, క్షిపణులు. అర్జున్ ట్యాంకు కవచానికి ‘కంచన్’ అన్న పేరు కూడా ఈ పేటను బట్టి వచ్చిందే. నా మనసు మాత్రం కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ పరేడ్‌లో మోసిన త్రీనాట్ త్రీ దగ్గరే ఉండిపోయింది. అందులోనూ ఇనుము మీద కాదు, చెక్క మీద.

తుపాకీకున్న చెక్కనంతా కలిపి ‘బట్’ అనేవాళ్లం. కొందరు ‘కుందా’ అనేవారు. మాకు డ్రిల్లు నేర్పిన హవల్దారుకు అది వింటే ఒళ్లు మండేది. మౌజర్‌కైతే మడమ నుంచి దాదాపు మూతి దాకా ఒకటే చెక్క, దాన్ని స్టాక్ అనొచ్చు. మన త్రీనాట్ త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్, అలా కాదు. భుజానికి ఆనేది బట్. గొట్టం కింద పొడుగ్గా సాగేది ఫోర్‌ఎండ్. వేడెక్కిన గొట్టం చెయ్యి కాల్చకుండా పైన కప్పేది హ్యాండ్‌గార్డ్. బట్‌కీ ఫోర్‌ఎండ్‌కీ మధ్య ఇనుప సాకెట్ ఉంటుంది. బట్ లోపల్నుంచి పొడవాటి బోల్టు వచ్చి అందులో బిగుస్తుంది.

ఇదంతా ఉత్త చాదస్తం కాదు. పాత రకంలో ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి, ఫోర్‌ఎండ్ వెనక అమర్చిన చిన్న పలక గాడిలో కూర్చుంటుంది. ఫోర్‌ఎండ్ దింపకుండా బోల్టు తిప్పారా, ఆ నలుచదరం తనతోపాటు పలకనూ తిప్పి చెక్కను చీలుస్తుంది. ముందు ఏది విప్పాలో చెప్పాలంటే దేని పేరేమిటో తెలియాలి మరి.

ఈ రైఫిల్ మార్క్ 3 రూపం 1907 జనవరి 26న వచ్చింది. అప్పుడు దాని ఒంటి నిండా నగలే. ఫోర్‌ఎండ్ ఎడమ పక్కన 2,800 గజాల దాకా గురి చూసే డయల్, బట్ కుడి పక్కన దళం గుర్తులు కొట్టడానికి ఇత్తడి బిళ్ల. కందకాల్లోకి దిగాక అంత దూరాన కనపడని శత్రువు మీద గుంపుగా కాల్చే అవసరం ఎవరికుంది? 1916లో మార్క్ 3 స్టార్ వచ్చేసరికి డయలూ పోయింది, బిళ్లా పోయింది. పని తగ్గింది, తుపాకులు త్వరగా తయారయ్యాయి.

తర్వాత చెక్క వంతు. అక్రోటు చెక్క ఏళ్ల తరబడి ఆరితే గానీ పనికిరాదు, యుద్ధానికి అంత ఓపిక ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, కెనడా బీచ్, బర్చ్ చెక్కలకు దిగాయి. జర్మన్లు 1930ల చివర్లోనే పల్చటి చెక్క పొరలను రెజిన్‌తో అంటించి మౌజర్ స్టాకులు చేశారు. చూడ్డానికి చారలు చారలుగా ఉండేవి గానీ, తేమకు వంకరపోవడంలో అసలు చెక్క కన్నా నయం. ఈ రోజు మా పేట ప్రయోగశాలల్లో కార్బన్ పోగులను రెజిన్‌తో పొరలు పొరలుగా పేర్చేవారికి ఆ సూత్రం కొత్తగా అనిపించదు.

నాకు బాగా నచ్చేవి మాత్రం ఇషాపూర్ మార్పులే. బెంగాల్లోని ఆ కర్మాగారంలో తయారైన రైఫిల్ రాజస్థాన్ ఎండకూ అస్సాం వానకూ తట్టుకోవాలి. గుండు పేలిన ప్రతిసారీ వెనక్కి వచ్చే తాకిడిని ఫోర్‌ఎండ్ వెనక కొసన రెండు చిన్న చెక్క ముఖాలు కాచుకుంటాయి. చెక్క ఎండి కుంచించుకుపోతే అక్కడ సందు పడుతుంది, గురి తప్పుతుంది, ఆఖరికి ఫోర్‌ఎండ్ చీలుతుంది. ఆస్ట్రేలియాలో లిత్‌గో పనివారు మెత్తటి కోచ్‌వుడ్ చెక్కలో ఆ చోట రాగి పలకలు పొదిగారు. ఇషాపూర్ వారు ఫోర్‌ఎండ్‌కు అడ్డంగా ఒక మర బిగించేశారు. అందం సంగతి వదిలేయండి, చీలిక ఆగింది. ఎక్కడైనా పాత త్రీనాట్ త్రీ చూస్తే నేను మొదట ఆ మర కోసమే వెతుకుతాను.

గ్రెనేడ్లు విసరడానికి కేటాయించిన రైఫిళ్లకైతే, ఒత్తిడికి చెక్క పగిలిపోకుండా ఫోర్‌ఎండ్ చుట్టూ తీగ చుట్టేవారు. పోలీసులకు, కాపలావారికి ఇచ్చే .410 మస్కెట్‌ది మరో కథ. త్రీనాట్ త్రీ గొట్టంలోని మెలికలు తీసేసి నున్నగా చేసి, మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మ దిగ్గొట్టారు. ఒకసారికి ఒక్క తూటాయే. సైన్యం తూటా అందులో పనిచేయదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళ్లిన సంగతి చదివినవారికి ఆ చెక్క దిమ్మ వెనకున్న భయం ఏమిటో వివరించక్కర్లేదు.

ఈ చెక్క మీది ప్రతి మార్పు వెనకా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. అందుకే పాత రైఫిల్‌ను ‘కొత్తదానిలా’ చేసేవారంటే నాకు పడదు. ఇది మన దేశంలో ఇళ్లల్లో ఉండే వస్తువు కాదు. ఎక్కువగా ప్రదర్శనశాలలు, పోలీసు ఆయుధాగారాల్లోనే కనిపిస్తుంది. ఒకచోట చూశాను: బట్‌ను ఉప్పు కాగితంతో రుద్ది, వార్నిష్ పూసి, అద్దంలా మెరిపించారు. ముద్రలు, నంబర్లు, దళం గుర్తులు అన్నీ పొట్టుతోపాటు పోయాయి. పైగా దాని కింద పలకలో ఫోర్‌ఎండ్‌ను ‘బట్’ అని రాశారు! సొట్టలకు తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలు, చెక్క మళ్లీ ఉబ్బుతుంది. ఆపైన అవిసె నూనెను అరచేత్తో పల్చగా రుద్ది ఆరనివ్వాలి. మరను, తీగను, రంగు కలవని అతుకు చెక్కను మాత్రం ముట్టుకోకూడదు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ ఇదే రైఫిల్‌ను 7.62 తూటాకు మార్చింది. ఉక్కు మారింది, మ్యాగజైన్ మారింది. చెక్క మటుకు దాదాపు 1907 నాటి ఆకారమే. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్ త్రీకి పరేడ్‌లో వీడ్కోలు పలికింది 2020లో. తేదీ, చిత్రంగా, మళ్లీ జనవరి 26.