తెల్లబోయిన ఫారం: పాత కిటికీ, కొత్త కిటికీ

ఎడమవైపు బిల్లు నంబరు, తేదీ, మొత్తం. కుడివైపు కిటికీలో ఆ బిల్లు పీడీఎఫ్. చూస్తూ టైపు చేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇలాంటి ఫారాలు కట్టుకున్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. ఆఫీస్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఎడమవైపు లెక్కలు పదిలంగానే ఉంటాయి, కుడివైపు మాత్రం తెల్లబోతుంది. అప్పుడు ముందున్న దారులు రెండు: పాత వెబ్ బ్రౌజర్ కంట్రోల్‌ను బాగుచేసుకోవడం, లేదా 2023లో మైక్రోసాఫ్ట్ 365 యాక్సెస్‌లోకి వచ్చిన ఎడ్జ్ బ్రౌజర్ కంట్రోల్‌కు మారడం.

పాతదాన్ని చూస్తే ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత గుర్తొస్తుంది. దాని ఇంజిన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది. ఆ ఇంజిన్‌కు పీడీఎఫ్ చదవడం రాదు కనుక అడోబ్ రీడర్‌వారి యాక్టివ్‌ఎక్స్ యాడ్‌ఆన్‌ను పిలుచుకుంటుంది. ఈ రెండు అరువుల్లో ఏది తప్పినా కిటికీ మూతపడుతుంది. ఆఫీస్ 2019 కాలం నుంచి ఇన్‌స్టాలర్ మామూలుగా 64-బిట్‌నే పెడుతోంది. 64-బిట్ యాక్సెస్ 32-బిట్ యాక్టివ్‌ఎక్స్‌ను తన లోపలికి రానివ్వదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. అదే ఫైలుపై డబుల్ క్లిక్ చేస్తే చక్కగా తెరుచుకుంటుంది, కాబట్టి రీడర్‌లో లోపం లేదనుకుంటారు. కానీ డబుల్ క్లిక్‌తో రీడర్ విడి ప్రోగ్రాంగా నడుస్తుంది. ఫారంలో అది యాక్సెస్ కడుపులో ఇమడాలి. ఆ పరీక్ష ఫైలు బాగుందని చెబుతుందే తప్ప కిటికీ సంగతి చెప్పదు. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు సెలవిచ్చారు కదా, అదే కారణమనేవారూ ఉన్నారు. పోయింది ఆ బ్రౌజరే. దాని ఇంజిన్ విండోస్‌లో ఇంకా ఉంది.

కొత్త కంట్రోల్ క్రోమియం ఇంజిన్‌పై నడుస్తుంది. దానికి పీడీఎఫ్ చదవడం సొంతంగానే వచ్చు. అడోబ్‌తో పని లేదు, బిట్ల పేచీ లేదు. అయితే పట్టింపులెక్కువ. డ్రైవ్ పేరుతో మొదలయ్యే మామూలు దారి ఇస్తే ఒప్పుకోదు. దాని ముందు యాక్సెస్ కోసమే కేటాయించిన ప్రత్యేక చిరునామా చేర్చాలి. బయటి సైట్లయితే నమ్మదగినవాటి జాబితాలో రాసిపెట్టాలి. పేజీ లోపలి భాగాలను నేరుగా పట్టుకునే పాత కోడ్ ఇక్కడ చెల్లదు, జావాస్క్రిప్ట్‌తో అడిగించుకోవాలి. ఇంకా యాక్సెస్ 2016తో నడిచే కంప్యూటర్లలో ఈ కంట్రోలే ఉండదు.

రెండింటిలోనూ చిక్కులున్నాయి, కానీ చిక్కుపడే చోటు వేరు. పాతదాని లోపం కంప్యూటర్‌లో ఉంటుంది. రీడర్ ఎన్ని బిట్లది, యాడ్‌ఆన్‌ను ఎవరైనా ఆపారా అని ప్రతి బల్ల దగ్గరకూ వెళ్లి చూడాలి. కొత్తదాని లోపం చాలావరకు ఫారంలోనే ఉంటుంది. ఒకసారి దిద్ది కొత్త కాపీ పంచితే అందరికీ సరిపోతుంది.

అందుకే నా ఓటు కొత్తదానికి. అందరి దగ్గరా కొత్త యాక్సెస్ లేని ఆఫీసులు మాత్రం కిటికీ మోజు కొన్నాళ్లు మాని, ఒక బటన్ పెట్టి పీడీఎఫ్‌ను బయటే తెరిపించుకోవడం మేలు.