ప్రశ్నావళులు - పదార్థనిర్ణయము

సంస్కృతీభేదములను సంఖ్యలచేఁ గొలువ యత్నించిన గ్రంథములలో నెదర్లాండ్సు దేశీయుఁడగు గీర్ట్ హోఫ్‌స్టేడె 1980లోఁ బ్రకటించినది మిక్కిలి ప్రసిద్ధము. 1967 మొదలు 1973 వఱకు ఐ.బి.ఎం. సంస్థ పెక్కుదేశములందలి తన యుద్యోగులకుఁ బంచిన ప్రశ్నావళులు దాని కాధారము. ఉత్తరములు లక్షకు మించినవి. అధికారదూరము, అనిశ్చితిపరిహారము, వ్యక్తిప్రాధాన్యము, పౌరుషము అను నాలుగు లక్షణములకు దేశమువారిగా నంకెలు వేయఁబడినవి.

లక్ష యనఁగానే చదువరి తలవంచును. 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ యీ రాశిని విడఁదీసి చూపెను. రెండుమాఱులును వేయికి మించి యుత్తరములు వచ్చిన దేశము లాఱే. పాకిస్థానమున మొదటిమాఱు 37 మంది, రెండవమాఱు 70 మంది మాత్రమే. హోఫ్‌స్టేడె సమాధానము: సంస్థ యొక్కటే, వృత్తులు సమానములు, కావున మిగిలిన భేదము దేశముదే. ఇది పరిశేషానుమానము. ఇతరహేతువు లన్నియుఁ ద్రోయఁబడిననే యిది నిలుచును. అట్టి కొలువు సామాన్యమైన దేశమునను, అది యరుదైన దేశమునను దానిలోఁ జేరువారు సమానులని యెవరు నిరూపించిరి? ఈ యంశమున మెక్‌స్వీనీ పక్షమే బలవత్తరము.

అయినను సంఖ్యకంటె శబ్దముతోడి చిక్కు పెద్దది. 1981లో నారంభమైన ప్రపంచవిలువల పరిశీలనమున నొక ప్రశ్న కలదు: చాలమంది మనుష్యులను నమ్మవచ్చునా, లేక వారితో మిక్కిలి జాగ్రత్తగా మెలఁగవలెనా యని. దీనిని భాషాంతరీకరించువాఁడు కోశమును జూచును. కాని శక్తిగ్రహమునకుఁ గోశమువలెనే వ్యవహారమును సాధనము. తెలుఁగునఁ 'బదిమందిలో నవమానము' అన్నచో నెవఁడును బదిని లెక్కింపఁడు. అచట నర్థము లోకము. అట్లే 'చాలమంది' యనినపుడు వినువాని మనస్సున నిలుచువా రెవరు? బంధువులా, ఊరివారా, ముక్కుమొగ మెఱుఁగనివారా? 2011లో డెల్హే, న్యూటన్, వెల్ట్‌సెల్ అనువారు దీనినే పరీక్షించిరి. కుటుంబము, ఇరుగుపొరుగు, పరిచితులు, క్రొత్తవారు, అన్యమతస్థులు, అన్యదేశీయులు - వీరినిగూర్చి వేఱువేఱుగ నడిగిన ప్రశ్నల యుత్తరములతో నా ప్రశ్న యుత్తరములను సరిపోల్చిరి. 51 దేశములలో 41 దేశములందా మాట యపరిచితులవంకనే మొగ్గెను. ఇంతవఱకుఁ బ్రశ్న నిర్దోషము. కాని కన్ఫ్యూషియసు సంప్రదాయము గల దేశములలో దాని వ్యాప్తి మిక్కిలి యిఱుకు. అందుచే నచటివారి నమ్మకము పట్టికలోఁ గనఁబడినంత విస్తృతము గాదని తేలినది. ఉత్తరమిచ్చినవారు బొంకలేదు, వారు విన్న ప్రశ్నయే వేఱు.

ప్రశ్నలు కూర్చినవాని దేశమునుగూడ గణింపవలెను. చైనీయపండితులు తమ భాషలోఁ గూర్చిన విలువల పట్టికను మైకేల్ బాండు 22 దేశముల విద్యార్థుల యెదుట నుంచి, 1987లో ఫలితములు ప్రకటించెను. హోఫ్‌స్టేడె చెప్పిన నాలుగింటిలో మూఁటికి సాదృశ్యము కనఁబడెను. అనిశ్చితిపరిహారమునకు మాత్రము జాడ లేదు. పాశ్చాత్యుల ప్రశ్నలలో లేని క్రొత్తలక్షణ మొకటి బయల్పడెను. దానిని హోఫ్‌స్టేడెయే 1991లోఁ దన క్రొత్తగ్రంథమున నైదవదిగాఁ జేర్చికొనెను. ఇది యతని యౌదార్యము. అనిశ్చితిపరిహారపు టంకెలు మాత్రము పట్టికలలో యథాతథముగ నిలిచియున్నవి.