ప్రశ్నలకు మిగలాల్సిన ఐదు నిమిషాలు

పీజీల రీసెర్చ్ ప్రెజెంటేషన్ల రోజు దగ్గర పడుతోందంటే ఏ డిపార్ట్‌మెంట్‌లోనైనా ముందు తేలాల్సింది ఫ్లెక్సీ సంగతి. ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలి, జ్యోతి ప్రజ్వలన ఎవరితో చేయించాలి, శాలువాలు ఎన్ని తేవాలి, భోజనంలో పన్నీరు ఉండాలా వద్దా. ఇవన్నీ తేలాక మిగిలిన టైమును ప్రెజెంటేషన్ల సంఖ్యతో భాగిస్తారు. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు వస్తుంది. ప్రారంభ సభ గంట లేటయితే ఆ ఆరూ నాలుగవుతుంది. "నెక్స్ట్, నెక్స్ట్, కంక్లూజన్‌కి వచ్చెయ్యమ్మా" అని చైర్‌పర్సన్ తొందరపెడుతుంటే ఏడాదిన్నర పని తెర మీద అలా పరుగెత్తి వెళ్లిపోతుంది. ప్రశ్నలేవంటే, టీ తాగుతూ మాట్లాడుకుందాం అంటారు. టీ దగ్గర సెల్ఫీలు తప్ప ఇంకేమీ జరగవు.

ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో ఈ ఏర్పాట్లు చాలాకాలంగా నా నెత్తినే పడుతున్నాయి. చేయగా చేయగా ఒక అభిప్రాయం గట్టిపడింది. ఏర్పాట్లు చూసేవాళ్ల అసలు పని ప్రశ్నల టైముకు కాపలా కాయడం. మిగతావి ఎవరైనా చూసుకుంటారు, కేటరింగ్ అతను కూడా చూసుకుంటాడు.

2023 నాటి పీజీ వైద్యవిద్య నిబంధనల ప్రకారం ఫైనల్ పరీక్షకు కూర్చోవాలంటే రాష్ట్ర, జోనల్, లేదా జాతీయ కాన్ఫరెన్స్‌లో పోస్టరో, పోడియం మీద పేపరో, అదీ కాకపోతే జర్నల్లో మొదటి రచయితగా ఒక వ్యాసమో ఉండాలి. థీసిస్ ఎటూ తప్పదు. ఐసీఎంఆర్ వారి చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆన్‌లైన్ పరిశోధన కోర్సు కూడా పూర్తిచేయాలి. దాంతో కాన్ఫరెన్స్ పోస్టర్లకు గిరాకీ పెరిగింది. ఒక్క అరుదైన కేసు దొరికితే దాని మీద ముగ్గురు పీజీలు కన్నేస్తున్నారు. మన సెమినార్ హాల్లో మనం పెట్టుకునే ప్రెజెంటేషన్ ఈ లెక్కలోకి రాదు. నాకు నచ్చింది అదే. ఇక్కడ సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు ఉండరు కాబట్టి తీరిగ్గా ఒకర్నొకరు అడగొచ్చు.

మాట్లాడటానికి ఎనిమిది నిమిషాలు, ప్రశ్నలకు ఐదు. మా పద్ధతి ఇది. గంట ఎవరి చేతికి ఇవ్వాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అక్కడే చాలా కార్యక్రమాలు చెడతాయి. హౌస్ సర్జన్ చేతికిస్తే ప్రొఫెసర్ గారు మాట్లాడుతుండగా మోగించలేదు, పాపం, రేపు లాగ్‌బుక్ మీద సంతకం కావాలి. మేము లేబర్ రూమ్ ఇన్‌చార్జి సిస్టర్‌కి ఇస్తాం. ఆవిడ ఎవరికీ భయపడదు. హెచ్‌వోడీ మీద కూడా మోగించింది.

మొదటి ప్రశ్న ఫస్టియర్ పీజీ అడగాలి. రెండోది కూడా. ప్రొఫెసర్ల వంతు ఆఖర్న. ఈ నియమం పెట్టినప్పుడు సీనియర్లు కొంచెం నొచ్చుకున్నారు. అయితే పెద్దవాళ్ల ప్రశ్నలు ఎలా ఉంటాయో మనకు తెలియందేముంది? "ఇది ప్రశ్న కాదు, కామెంట్" అని మొదలై, తమ పీజీ రోజుల్లోని ఓ కేసు మీదుగా నాలుగు నిమిషాలు నడిచి, "అందుకని జాగ్రత్తగా ఉండాలి" దగ్గర ఆగుతాయి. ప్రెజెంట్ చేసే అమ్మాయి చేతులు కట్టుకుని "ఎస్ మేడమ్, ష్యూర్ మేడమ్" అంటుంది. ఆమెకది వైవా. పక్క బెంచీలో కూర్చునే జూనియర్ "అక్కా, హైట్ రాయని కేస్ షీట్లలో బీఎంఐ ఎలా లెక్క కట్టారు?" అని అడిగితే మాత్రం తప్పించుకోలేదు. రాత్రి డ్యూటీలో ఆ కేస్ షీట్లు రాసింది ఆ జూనియరే.

ప్రశ్నించడం అలవాటు లేని ప్రసూతి వైద్యం ఎలా ఉండేదో చరిత్రలో ఉంది. సాక్ష్యం లేకుండా వైద్యం చేయడంలో అన్ని స్పెషాలిటీల కంటే ప్రసూతి శాఖే ముందుందని బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కొక్రేన్ 1979లో దానికి చెక్క గరిటె బహుమతి ప్రకటించాడు. ఇంగ్లండులో ఆఖరున నిలిచినవాళ్లకు ఇచ్చే వెక్కిరింపు బహుమతి అది. కాన్పుకొచ్చిన ప్రతి మనిషికీ ఎనిమా, షేవింగ్, తొలిచూలైతే తప్పనిసరిగా ఎపిసియోటమీ. ఎందుకంటే పెద్ద మేడమ్ చేసేవారు గనక. దశాబ్దం గడిచాక ప్రసవ సంరక్షణ మీద జరిగిన ట్రయల్స్ అన్నీ క్రోడీకరించి 1989లో ఓ పెద్ద గ్రంథం వచ్చింది. దానికి ముందుమాట రాస్తూ కొక్రేన్ ఆ గరిటెను వెనక్కి తీసుకున్నాడు. మన వార్డుల్లో కొన్ని అలవాట్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచాయి, ఎక్కడని అడక్కండి.

ఇక డ్యూటీ చార్ట్. లేబర్ రూమ్‌కు సెలవుండదు. పీజీలందరూ హాల్లో ఉంటే కాన్పులు ఎవరు చూడాలి? సగం మందిని డ్యూటీలో ఉంచి మిగతా సగంతో కార్యక్రమం నడిపించడం మామూలుగా జరిగేది. మేము తిరగేశాం. ఆ పూట అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్లు లేబర్ రూమ్‌లో ఉంటారు. చాలా రోజుల తర్వాత కేస్ షీట్ మొదటి పేజీ నుంచి తామే రాయాల్సి వచ్చేసరికి, ఇన్ని ఫారాలు ఎందుకని వాళ్లే గొడవ పెడతారు. మంచిదే. నైట్ డ్యూటీ చేసినవాళ్లకు ఉదయం స్లాట్ ఇవ్వకూడదు. ముప్ఫై గంటలు మెలకువగా ఉన్న మనిషి పి విలువ గురించి ఏం చెప్పినా నమ్మలేం.

వారం ముందు డ్రై రన్ చేయిస్తాం. అందులో నా పని కత్తిరింపు. గులాబీ రంగు బ్యాక్‌గ్రౌండ్, తల్లీబిడ్డల క్లిప్ ఆర్ట్, భారతదేశంలో మాతృమరణాల మీద మూడు స్లైడ్లు. ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు మాతృమరణాల గురించి ఒకరు చెప్పాలా? ఆ మూడూ పోతే 'మెథడ్స్' చెప్పడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి.

మెథడ్స్ దగ్గరే అసలు సంగతులు బయటపడతాయి. ఓ అమ్మాయి కాన్పు తర్వాతి రక్తస్రావం మీద పని చేస్తానంది. పాత కేస్ షీట్లు తీయించింది. రక్తం ఎంత పోయిందన్న గడిలో 'యావరేజ్' అని ఉంది, లేదంటే గుండ్రటి అంకె ఒకటి. కాన్పు కష్టమైనా సులువైనా అదే అంకె. కొలిచి రాసింది ఒక్కటీ లేదు, చూసి రాసినవే. ఆమె వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒకటి కొనుక్కొచ్చింది. పొడిగా ఉన్నప్పుడు ప్యాడ్లు, మాప్‌లు ఎంత బరువున్నాయో రాసుకుని, తడిశాక మళ్లీ తూచి, తేడాలో ఒక గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్క కట్టింది. ఆయాలు మొదట నవ్వారు. తర్వాత వాళ్లే కవర్లో వేసి, పేరు రాయించి, పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ప్రెజెంటేషన్ రోజు ఆ ఆయాల్లో ఇద్దరు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. పిలిచింది ఆ అమ్మాయే.

ఇలాంటి చిన్న పనే ఎంత దూరం పోతుందో చెప్పడానికి కర్ణాటకలోని బెళగావి చాలు. కాన్పు కాగానే తల్లి కింద పరిచే ప్లాస్టిక్ షీటుకు గరాటులాంటి సంచీ, దాని మీద కొలత గీతలు. కంటి అంచనా అసలు నష్టాన్ని మూడో వంతు దాకా తక్కువ చేసి చూపిస్తుందని అక్కడి పరిశోధకులు ఆ షీటుతో తేల్చారు. అదే జిల్లా పల్లెల్లో ఏఎన్‌ఎంలు చేయించిన 1620 కాన్పుల్లో, మిసోప్రొస్టాల్ మాత్రలు వాడినప్పుడు అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4కు తగ్గిందని 2006లో లాన్సెట్‌లో వచ్చింది. 2023లో వెలువడిన ఈ-మోటివ్ ట్రయల్‌లోనూ, నాలుగు ఆఫ్రికా దేశాల్లో రెండు లక్షలకు పైగా కాన్పుల్లో, కొలత గీతల షీటుతోనే పని మొదలైంది. మామూలు పద్ధతిలో సగం కేసులు కంటపడితే, షీటు పరిచిన చోట 93 శాతం దొరికాయి. కాటా కొన్న అమ్మాయికి ఈ కథ తెలియదు. ప్రశ్నల టైములో సామాజిక వైద్య విభాగం (ఎస్పీఎం) నుంచి వచ్చిన జడ్జి చెప్పారు. అందుకే జడ్జీల్లో బయటి శాఖల వాళ్లు ఉండాలంటాను. ఎస్పీఎం, పిల్లల వైద్యం, అనస్థీషియా. మన మెరుపు మాటలకు వాళ్లు పడిపోరు.

మన రాష్ట్రాల్లో ఏటా కనీసం ఒక రాబ్సన్ థీసిస్ లేకుండా ఏ విభాగమూ ఉండదు. సిజేరియన్లు ఎవరికి జరుగుతున్నాయో చూడటానికి రాబ్సన్ 2001లో చేసిన పది గుంపుల వర్గీకరణను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరూ వాడమంది. సిజేరియన్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. కాబట్టి విషయానికి కరువు లేదు. కరువల్లా ప్రశ్నకే. పది గుంపుల శాతాలు పట్టిక వేసి, అయిదో గుంపు, అంటే పాత సిజేరియన్ ఉన్నవాళ్ల వాటా ఎక్కువ అని చెప్పి కూర్చుంటారు. ఈ ఏటి అయిదో గుంపు మునుపటి ఏళ్ల ఒకటో, రెండో గుంపుల నుంచి వచ్చిందే కదా, ఆ మొదటి కోత ఎందుకు పడింది, నొప్పులు రాకముందే ఎందరికి ఇండక్షన్ మొదలుపెట్టారు, నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఎందరికి ఓపిక పోయింది అని అడిగితే పట్టిక కదులుతుంది. ఓపిక పోయింది పేషెంటుకా, బంధువులకా, డ్యూటీ డాక్టరుకా అన్నది ఇంకో ప్రశ్న.

తేడా ఏమీ కనిపించలేదని తేలిన పనులను ఆఖరి స్లాట్‌లోకి, భోజనం ముందుకి తోసేస్తారు చాలాచోట్ల. నేను వాటిని మొదట పెడతాను. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులకు మేలని 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ చూపించారు. మరి 2015లో, మన దేశంతో సహా ఆరు దేశాల ఊళ్లలో ఆ ఇంజెక్షన్ వాడకం పెంచి చూస్తే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల మరణాలు తగ్గలేదు, మొత్తం మీద నవజాత శిశు మరణాలు కొంచెం పెరిగాయి. చేదు ఫలితమే. దాన్ని దాచకుండా అచ్చు వేశారు కాబట్టే ఎన్నో వారమో స్కాన్‌తో సరిగ్గా తేల్చి, బిడ్డను చూసుకునే వసతి ఉన్న ఆసుపత్రుల్లో మళ్లీ పరీక్షించారు. 2020లో అక్కడ మరణాలు తగ్గాయని తేలింది. మందు అదే. ఫస్టియర్లకు ఈ కథ చెబితే, తమ పి విలువ 0.05 దాటిందని ఏడవడం మానేస్తారు, కొంతైనా.

ఇంకొక అలవాటు ఉంది, దాన్ని అందరూ మెచ్చరు. స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఉండనీ. అయిదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా ఇది: ఈ స్టడీలో చేరమని పేషెంటుకు ఏం చెప్పావో అదే మాకు చెప్పు. రాండమైజేషన్ గురించి గడగడా మాట్లాడినవాళ్లు అక్కడ నీళ్లు నములుతారు. ఆల్ ఇండియా కోటాలో వచ్చి, "ముక్కమ్మా, ముక్కు" నుంచి తెలుగు నేర్చుకున్న రాజస్థాన్ అమ్మాయి ఒకతి, "అమ్మా, రెండు మందులున్నాయి. రెండూ మంచివే, ఏది ఇంకా మంచిదో మాకే తెలీదు. చీటీ తీస్తాం, ఏదొస్తే అది. వద్దంటే వద్దు, మీ కాన్పు బాగానే చూస్తాం" అని చెప్పింది. హాల్లో కాసేపు ఎవరూ ప్రశ్న వేయలేదు. వేయాల్సిన అవసరం కనబడలేదు.

అడిగిన ప్రశ్నలన్నీ ఒక పీజీ రాసుకుంటుంది. జవాబు దొరకనివాటిని విడిగా ఒక కాగితం మీద తీసి నోటీసు బోర్డుకు పెడతాం. కొత్త బ్యాచ్ థీసిస్ టాపిక్ కోసం గైడ్ చుట్టూ తిరిగే ముందు ఆ కాగితం చూడాలని షరతు. ఈసారి దాని మీద మొదటి ప్రశ్న ఫస్టియర్‌దే. ముహూర్తం పెట్టుకుని వచ్చి చేయించుకునే సిజేరియన్లు రాబ్సన్ పట్టికలో నొప్పులు రాకముందు కోసిన గడిలో పడతాయి, సరే, కానీ కేస్ షీట్‌లో కారణం దగ్గర మనం 'ఉమ్మనీరు తక్కువ' అనో ఇంకొకటో రాస్తున్నాం కదా మేడమ్, అసలు లెక్క ఎలా తెలుస్తుంది అంది. ఉమ్మనీరు కొలిచిన ఏఎఫ్ఐ రిపోర్టులతో పోల్చి చూడొచ్చని ఒకరన్నారు, పంచాంగం తీసి తేదీలు పక్కన పెట్టుకోవాలని ఇంకొకరన్నారు. సిస్టర్ గంట మోగించింది. ప్రొటోకాల్ ఎథిక్స్ కమిటీకి పంపే గడువు ఇంకా ఉంది. గైడ్‌గా ఉండటానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ముందుకు రాలేదు. నేనే ఒప్పుకోవాల్సి వచ్చేలా ఉంది.