కలిసొచ్చిన లెక్క

కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేటప్పుడు చెప్పే లెక్కలు ఈ మధ్య కాస్త శ్రద్ధగా చదివాను. అన్నింట్లోనూ ఒక మాట తప్పకుండా ఉంటుంది: సినర్జీ. మనకి కొత్తదేం కాదు లెండి, "వాళ్ళకి ఆ సంబంధం కలిసొచ్చింది" అంటామే, అదే. రెంటి విలువా విడివిడిగా కూడితే వచ్చేదానికంటే, కలిశాక ఎంత ఎక్కువైతే అంత కలిసొచ్చినట్టు.

ఖర్చులో తగ్గేది కొలవడం తేలిక. ఒకే వీధిలో రెండు బ్రాంచీలుంటే ఒకటి మూసేస్తారు, అద్దె మిగులుతుంది. వ్యాపారం పెరుగుతుందన్నది మాత్రం ఆశ. లెక్క తెలిసినవాళ్ళు దాన్ని తగ్గించే వేసుకుంటారు. ముందు ముందు ఏటేటా మిగిలేదాన్ని ఈనాటి విలువకు కుదించి, కలపడానికయ్యే ఖర్చు అందులోంచి తీసెయ్యాలి. కలవకపోయినా ఎలాగూ తగ్గించుకోగలిగిన ఖర్చుని ఇందులో చేర్చకూడదు. ఇంతవరకూ నాకు పేచీ లేదు. ముందు చెప్పిన అంకె పెద్దక్షరాల్లో ఉండి, తర్వాత తేలిన అంకె వెతుక్కోవలసి రావడం మాత్రం నాకు నచ్చలేదు.

అసలు పేచీ ఇంకోటుంది. మన ఆంధ్రా బ్యాంకు సంగతే తీసుకోండి. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పెద్ద బ్యాంకైతే పెద్ద అప్పులివ్వగలదు, నష్టం వస్తే తట్టుకోగలదు, కాదనను. వాటాదార్లకి లెక్క పైసలతో సహా కట్టారు: వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకి 325 యూనియన్ బ్యాంకు షేర్లు. మరి ఖాతాదార్ల లెక్క? ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు మారింది, చెక్కుబుక్కు మారింది. జీతమిచ్చేచోట, డబ్బు పంపే కొడుక్కి, చిట్టీ కంపెనీకి కొత్త కోడు ఇచ్చుకోవాలి. ఇంటికో పూట పట్టిందనుకోండి. అన్ని పూటలకీ ఏ పుస్తకంలో పద్దు రాశారు? అలాంటి ఖర్చు తగ్గినట్టు కాదు, చేతులు మారినట్టు. కొలిచేవాళ్ళు దాన్ని మిగులుకింద వేసుకోవడమే నాకు మింగుడుపడనిది.

ఇలాంటి లెక్క మా ఇంట్లోనే ఒకసారి చూశాను. వేరు కాపురాలు మానేసి రెండు వంటిళ్ళూ ఒకటి చేసినప్పుడు మా మామగారు కాగితం పెన్సిలూ తీసుకుని గ్యాసు, పాలు, పనిమనిషి జీతం కలిపి నెలకింత మిగులని తేల్చి, వచ్చినవాళ్ళందరికీ చూపించారు. పధ్నాలుగు మందికి రెండు పూటలా వండే మా తోటికోడలి నడుం నొప్పి ఆ కాగితంలో లేదు.

నాలుగు నెలలు చూసి, ఆ మిగులులోంచి ఒక గ్రైండరు కొనమని అడిగిందావిడ.

"మిగులా? ఎక్కడిదమ్మా!" అన్నారాయన.