‘బ్రాహ్మణ్యం’ : అర్థభేదాలు – శివకవుల విమర్శకు ఒక సూచన

తెలుగు సాహిత్య విమర్శలో పాల్కురికి సోమనాథుణ్ణి ‘బ్రాహ్మణ్యాన్ని ధిక్కరించిన కవి’ అనడం పరిపాటి. ఆ మాట తప్పు కాదు. అయితే ఏ అర్థంలోని బ్రాహ్మణ్యాన్ని ధిక్కరించాడన్న ప్రశ్న వేసుకోకపోతే ఆ మాట అసంపూర్ణం.

ఈ పదానికి కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది గుణపరం. ధమ్మపదంలోని బ్రాహ్మణవర్గం జన్మను కాక శీలాన్నే బ్రాహ్మణత్వానికి లక్షణంగా నిర్వచిస్తుంది. రెండోది అధికారపరం: జన్మ, ఉపనయనం, వేదాధ్యయనార్హత, పౌరోహిత్యం కలిసిన సామాజిక స్థానం. మూడోది ఆధునికం. 1938లో మన్మాడ్‌లో రైల్వే కార్మికుల సభలో అంబేడ్కర్, బ్రాహ్మణ్యమంటే ఒక కులం అనుభవించే అధికారం కాదనీ, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాల నిరాకరణ అనీ, అది అన్ని వర్గాల్లోనూ ఉందనీ స్పష్టం చేశారు.

బసవపురాణంలో బసవడు ఉపనయనాన్ని తిరస్కరించడం రెండో అర్థానికి తగిలిన దెబ్బ. భక్తుల మధ్య కులం ఎంచరాదన్న ఆ కావ్యదృష్టి మూడో అర్థానికీ దగ్గరగా వస్తుంది. కానీ అదే కవి పండితారాధ్యచరిత్రలో శివపారమ్యానికి వేదవాక్యాలనే ప్రమాణంగా చూపుతాడు. ఆరాధ్య సంప్రదాయంలో లింగంతో పాటు యజ్ఞోపవీతమూ నిలిచింది. కనుక సోమనాథుని ధిక్కారం వేదప్రామాణ్యం మీద కాదు. దానిపై ఒక వర్ణానికున్న గుత్తాధికారం మీద. ఇది వైరుధ్యం కాదు, ఆ ధిక్కారానికి ఉన్న పరిధి.

మరొక చిక్కూ ఉంది. ‘శీలవంతుడే నిజమైన బ్రాహ్మణుడు’ అన్న పునర్నిర్వచనం జన్మాధిక్యాన్ని కాదంటుంది. ఆ పదానికున్న గౌరవాన్ని మాత్రం చెక్కుచెదరనివ్వదు. ‘భక్తుడే కులజుడు’ అన్న వాదానికీ ఇదే పరిమితి వర్తిస్తుంది. పాత కొలమానం స్థానంలో కొత్తది వస్తుంది, కొలవడం ఆగదు. భక్తుడు కానివాడు, అంటే ‘భవి’, శైవసాహిత్యంలో దూరం పెట్టవలసినవాడు కావడమే ఇందుకు నిదర్శనం. అంబేడ్కర్ నిర్వచనం ఆ గౌరవపదాన్ని తిరిగి సంపాదించుకోవాలనుకోదు. అసమానతా సూత్రాన్నే ప్రశ్నిస్తుంది.

ఈ మూడు అర్థాలను విడదీయకపోతే రెండు నష్టాలు కలుగుతాయి. మధ్యయుగ కవికి ఆధునిక సమతావాదాన్ని అంటగడతాం. లేదా ఆ సమతావాదం అతనిలో పూర్తిగా లేదన్న కారణంతో అతని సాహసాన్నే తక్కువ చేస్తాం. సోమనాథుని కావ్యాల విషయంలో ‘బ్రాహ్మణ్య ధిక్కారం’ ముగింపు వాక్యం కాకూడదు. పరిశోధన అక్కడినుంచే మొదలుకావాలి.