దండారీలో ప్రేక్షకులు ఉండరు

దీపావళి దగ్గరపడ్డదంటే ఉట్నూర్ రోడ్డు మీద రెండు రకాల గుస్సాడీలు ఎదురవుతాయి. ఒకటి ఫోన్లలో ఉంటుంది: డీజే దరువు, రంగు లైట్లు, నెమలి టోపీ పెట్టుకుని గంతులేసే కుర్రాడు, అర నిమిషం వీడియో. రెండోది ట్రాలీ ఆటోలో వెనక్కి ఒరిగి కూర్చుని పొరుగు గూడేనికి విందుకు పోతుంటుంది. ఒంటినిండా బూడిద, భుజాన మేక తోలు, మెడలో రుద్రాక్షలు. మొదటిదానికి లక్షల చూపులు. రెండోదానికి ఎదురేగి తీసుకుపోవడానికి ఒక గూడెం మొత్తం. ఈ రెండింటిలో దేన్ని వినోదం అంటున్నామో దాన్నిబట్టే మనమేమిటో తెలిసిపోతుంది.

ఈ గుస్సాడీలు ఆడే పండుగే దండారీ. అది ఎప్పుడు పుట్టిందంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. యేత్మాసూర్ దేవుడి పూజ అంటారు కొందరు. నెమలి టోపీ పాండవులు ఇచ్చిందంటారు మరికొందరు. అది పెద్దలకు వదిలేద్దాం. రాజ్‌గోండులు, కొలాములు ఏటా దీపావళికి ముందు భోగి చేసి టోపీలను కిందికి దింపి పూజిస్తారు. పండుగ దాటాక కోలబోడి అనే ముగింపు పూజ చేస్తారు. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకోను కొలవడానికి దండులు దండులుగా పోతారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా ఈ అడవులకు వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి ఇదంతా చూసి పుస్తకాలు రాశాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. చరిత్ర ఇంతవరకు చాలు. అసలు సంగతి ఆటలో ఉంది.

ముందు ఆ టోపీ గురించి చెప్పాలి. వందల నెమలి ఈకలు వరుసలుగా కుట్టి, నడుమ అద్దాలు, మెరుపు పట్టీలు, కొన్నింటికి పక్కల కొమ్ములు పెట్టి తయారుచేస్తారు. గాలికి ఊగే బరువది. దాన్ని మెడ మీద నిలపడమే సగం విద్య. నిండు బిందె నెత్తిన పెట్టుకుని గట్టు దిగే ఆడబిడ్డ నడక చూశారా? కింద కాళ్లు పరుగెత్తినా పైన నీళ్లు తొణకవు. చేయి తిరిగిన గుస్సాడీ అంతే. మోకాళ్లు కొంచెం వంచి, బరువంతా మడమల మీదికి దించి, నడుముకు కట్టిన గంటలు డోల్ దెబ్బకు సరిగ్గా పలికేట్టు అడుగు వేస్తాడు. అంతసేపూ తల నిలకడగా ఉంటుంది. ఎక్కడ తిప్పాలో అక్కడ ఒక్కసారి తిప్పుతాడు. అప్పుడు ఈకలన్నీ కలిసి ఒక్కటిగా చుట్టు తిరుగుతాయి. కొత్తవాడు మొదటి నుంచీ తల ఊపుతూనే ఉంటాడు. అందుకే వాడి టోపీలో ఈకలు చెదురుతాయి తప్ప తిరగవు.

తరువాత చేతిలోని రోకల్. అది అలంకారానికి పట్టుకున్న కర్ర అనుకోకండి. దానితో తాకితే రోగం పోతుందని గూడెంలో నమ్మకం. పసిపిల్లల్ని తెచ్చి గుస్సాడీ ముందు పెడతారు. దీక్షలో ఉన్నన్నాళ్లు గుస్సాడీ స్నానం చేయడు, చెప్పులు తొడగడు, కూర్చోవాలంటే తన మేక తోలు పరుచుకునే కూర్చుంటాడు. మొహానికి మసి, ఒంటికి బూడిద పూసుకున్నాక వాడు ఫలానావాళ్ల కొడుకు కాడు, దేవుడు పూనిన మనిషి. అదే మనిషి మరుక్షణం ఆడవాళ్లను, ముసలివాళ్లను ఆటపట్టించి నవ్విస్తాడు. భక్తిని, వేళాకోళాన్ని ఇంత దగ్గరగా కూర్చోబెట్టిన ఆట నేను మరొకటి చూడలేదు.

వాద్యం సంగతి చెప్పకపోతే పాపం. డోల్, గుమేళ, పర్ర, పెప్రె, కాలికోం. వీటిలో ఊదే వాద్యమైన పెప్రె పట్టేది ప్రధాన్‌లు. గోండుల వంశగాథలు పాడేదీ వాళ్లే. పెప్రె స్వరం మారితే అడుగు మారుతుంది. ఇక్కడ వాద్యం ఆటగాడి వెంట పోదు, ఆటగాడే వాద్యం వెంట పోతాడు. గుస్సాడీల చుట్టూ కర్రలు పట్టి వలయం తిరిగే కుర్రాళ్లు, ఆడపిల్లల వేషం కట్టిన పోరీలు, వీళ్లందరితో కలిపితేనే దండారీ. గుస్సాడీని ఒక్కడినే పీకి వేదిక మీద నిలబెడితే అది దండారీ కాదు.

వేషం కంటే, అడుగు కంటే గొప్పది ఆ మర్యాద. దండు సాయంత్రం పొలిమేరకు చేరుతుంది. ఆతిథ్యం ఇచ్చే గూడెం వాళ్లు తమ డోల్ తీసుకుని ఎదురు వస్తారు. రెండు వాద్యాలు కలుస్తాయి, ఇద్దరు పటేళ్లు అలాయ్‌బలాయ్ ఇచ్చుకుంటారు. రాత్రంతా ఆటలు, హాస్య వేషాలు. తెల్లారి కోలాటం, మధ్యాహ్నం విందు, ఆ తరువాత సాగనంపడం. ఇవ్వాళ వచ్చిన గూడేనికి రేపో, వచ్చే ఏడో వీళ్లు పోవాల్సిందే. ఎవరితో వియ్యం అందుతారో సాధారణంగా వాళ్ల గూడేనికే దండు పోయేది. పిల్లను చూడటం, పాత పగ చల్లార్చుకోవడం, పంట మాటలు అన్నీ ఆ రెండు రోజుల్లోనే. ఇక్కడ ఆడేవాళ్లున్నారు, అన్నం పెట్టేవాళ్లున్నారు. ఊరికే చూసిపోయేవాడు మాత్రం లేడు.

ఇక కనకరాజు. జైనూరు మండలం మార్లవాయి ఆయన ఊరు. అందరూ గుస్సాడీ రాజు అన్నారు, అబద్ధం కాదు. ఢిల్లీ గణతంత్ర ఉత్సవాలకు దండును తీసుకుపోయి ఇందిరా గాంధీ ఎదుట ఆడించాడు. వేదిక ఢిల్లీదైనా అడుగు మార్లవాయిదే, కుదించలేదు, నగిషీ పెట్టలేదు. తరువాత దశాబ్దాలపాటు పిల్లలకు నేర్పుతూనే ఉన్నాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి కాని ఆయన పేరు హైదరాబాదు పత్రికలకు నోరు తిరగలేదు. 2024 అక్టోబరులో, సరిగ్గా దండారీ రోజుల్లో కన్నుమూశాడు. అడుగు విషయంలో మార్లవాయి తరువాతే ఎవరైనా అంటాను. మిగతా మండలాలవాళ్లు కోపగించుకుంటే కోపగించుకోనీ, వచ్చే దీపావళికి ఆడి చూపించమనండి, ఓడిపోవడానికి నేను సిద్ధం.

టోపీల పక్కనే గంటల మాట కూడా. ఉషేగాం, కేస్లాగూడలో ఓజాలు మైనంతో అచ్చు చేసి ఇత్తడి పోతపోస్తారు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోత పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు దక్కింది కాని కొనేవాడు సంతలో దొరికే రేకు మువ్వలే కొంటున్నాడు. పోత గంట మోత నడుము నుంచి భూమిలోకి దిగుతుంది. రేకు మువ్వ చెవికి గీరుకుపోతుంది, అంతే.

ఇప్పుడు నా కడుపు మంట చెప్పుకోనివ్వండి. రిబ్బను కత్తిరించే ప్రతి చోటా గుస్సాడీ నిలబడాలి. నాయకుడి కారు రెండు గంటలు ఆలస్యమైతే దేవుడు పూనిన మనిషి ఎండలో రెండు గంటలు నిలబడతాడు. కారు దిగినాయన ఆ టోపీని తన నెత్తిన పెట్టుకుని ఫొటో దిగుతాడు. ఏడాదికోసారి పూజ చేసి దింపే టోపీ అది! పెళ్లి సంగీత్‌లకు ప్లాస్టిక్ ఈకల గుస్సాడీ దొరుకుతున్నాడు, కాళ్లకు బూట్లు, ఒంటికి తెల్ల పెయింట్. పాఠశాల వార్షికోత్సవాల్లో మూడు నిమిషాల పాటకు మూడు నిమిషాల గుస్సాడీ. డీజే పెట్టె వచ్చాక కొన్ని గూడేల్లోనే పెప్రె మూలన పడుతోంది. ఊదేవాడికి పిలుపు లేకపోతే వాడి కొడుకు ఎందుకు నేర్చుకుంటాడు?

కుర్రాళ్లను తిట్టను. వాళ్లు ఫోనులో ఆడుతున్నది మనం చప్పట్లు కొట్టినదాన్నే. మనకు ఈకలు కావాలి, దీక్ష వద్దు. రంగు కావాలి, రాత్రంతా మేలుకోవడం వద్దు. చూడటం కావాలి, వండిపెట్టడం వద్దు. సినిమా హాల్లో కూర్చున్నా, టీవీ ముందు కూర్చున్నా మనం చేసేది ఒక్కటే: ఎదుటివాడికి ఏమీ బాకీ పడకుండా ఆనందం పొందడం. దండారీ దీనికి తలకిందులు. అక్కడ ఆనందించినవాడు బాకీ పడతాడు, ఆ బాకీ తీర్చడానికి పోయి ఇంకో ఊరిని బాకీ పెట్టి వస్తాడు. ఈ గొలుసు తెగలేదు కనుకనే గూడేలు ఒకదానికొకటి బంధువులుగా మిగిలాయి. మన అపార్టుమెంట్లలో పక్క తలుపువాడి పేరు మనకు తెలియదు.

కాబట్టి నా విన్నపం సూటిగా చెబుతాను. ఏ కార్యక్రమానికీ గుస్సాడీని అలంకారానికి పిలవకండి. పిలిస్తే డోల్, పెప్రెలతో సహా మొత్తం దండును పిలవండి, కూలి కాదు, అతిథి మర్యాద ఇవ్వండి, ముందు అన్నం పెట్టండి. ఆశ్రమ పాఠశాలల్లో అడుగు నేర్పేవారితో పాటు పెప్రె నేర్పే ప్రధాన్‌ను కూడా జీతమిచ్చి పెట్టాలి. గంటలు ఓజాల దగ్గరే కొనాలి. చూడాలని నిజంగా ఉంటే దీపావళి వారంలో ఉట్నూర్‌లో బస్సు దిగండి. తెలిసినవాళ్ల ద్వారా గూడెం పటేల్‌ను అడిగి, బియ్యమో పప్పో మోసుకుని వెళ్లండి. ఫోను సంచిలో పెట్టి వలయంలో కాలు కలపండి. అడుగు తప్పుతుంది, నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ రాత్రి వాళ్లకు వినోదం మీరే.