నీళ్ళెల్లినయా?

బోరుబండి దిగిందంటే గట్టు మీద చేరినవాళ్ళు అడిగేది ఒకటే: “నీళ్ళెల్లినయా?” మానేటి ఒడ్డు టేకుమట్లలోనైనా, ఇటు జనగామ వైపైనా ఇదే మాట. కోస్తా చెవికి ఇది తలకిందులుగా తోస్తుంది. నీళ్ళు రావాలి గదా, వెళ్ళడమేమిటి?

‘వెళ్ళు’కు పాత రూపం ‘వెడలు’. నడిమి అచ్చు జారిపోతే డకార లకారాలు కలిసిపోయి ‘ళ్ళ’ అవుతాయి. తాడు తాళ్ళయినట్టు, గూడు గూళ్ళయినట్టు. వెలి, వెలుపల, వెలువడు దీని చుట్టాలే. లోపలిది బయటపడటం, అంతవరకే దీని అసలు పని. ‘రా’, ‘పో’ అనాలంటే మాట్లాడేవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. ‘వెడలు’కు ఆ పట్టింపు లేదు, గడప దాటిందా లేదా అన్నదే దానికి లెక్క. యక్షగానంలో రాజు తెర చాటు నుంచి మన ఎదుటికే వస్తాడు. అయినా ప్రవేశ దరువు ‘వెడలె’ అనే అంటుంది. ఎంత నేర్పుగా చెక్కిన మాట!

ఆ చెక్కడం వరంగల్ పల్లెల్లో ఇంకా అరగలేదు. వరి కంకి ఎల్లుతాంది. దెబ్బ తగిలితే నెత్తురెల్లింది. కల్లం కాడ, “ఎకరానికి ఎన్ని బస్తాలెల్లినయ్?” ప్రయాణానికి మాత్రం ‘పోవుడే’. “ఏడికి పోతానవ్?” అంటే చేరే చోటు అడిగినట్టు, “ఎప్పుడెల్లినవ్?” అంటే ఇల్లు కదిలిన వేళ అడిగినట్టు. (బయలుదేరే మనిషిని ‘ఎక్కడికి’ అనకూడదని ‘ఎంత దూరం’ అనే పెద్దలు ఇంకా ఉన్నారనుకోండి.) కోస్తాలో ‘పో’ మోటుగా వినిపించడం మొదలయ్యాక ఆ బరువంతా ‘వెళ్ళు’ నెత్తినే పడింది. మర్యాద దక్కింది, పదును పోయింది. నా మటుకు అది నష్టం బేరమే.

పూర్తిగా పోయిందనీ కాదు. వెళ్ళగొట్టు, వెళ్ళగక్కు, గోడు వెళ్ళబోసుకొను: వీటిలో ‘బయటికి’ అన్న అర్థం చెక్కు చెదరలేదు. ఊరి బయటికి మనుషుల్ని నెట్టిన వెలివాడ కూడా ఈ కుదురుదే.

ఇలాంటి మాటలు పొలంలో దొరుకుతాయని ఎరిగినవాడు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయానిదే. రెండోది, 1971లో, చేనేతది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ‘ఎల్లదీసుడు’. “ఎట్ల నడుస్తాంది, కాకా?” అంటే “ఏదో, ఎల్లదీస్తానం” అంటాడు. రోజులు వాటంతట అవే గడిచిపోవడం కాదిది. చిక్కుకున్న రోజును చేత్తో పట్టి అవతలికి లాగాలి. వానలు మొండికేసిన ఏడు పత్తి వేసినవాళ్ళు ఈ మాట అంటే ఆ లాగుడు ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.